ఎముకను పిలిచే పూత: ఇంప్లాంట్ మీద కృత్రిమ ఖనిజం ఎలా నిలుస్తుంది, ఎందుకు కరుగుతుంది

తుంటి కీలు మార్పిడి అన్న మాట ఒడిశాలోని మా బరంపురం ఇళ్లలో ఇప్పుడు కొత్త కాదు. కొందరు ఊళ్లోనే చేయించుకుంటారు, కొందరు కటక్ వెళతారు, తెలుగిళ్ల వాళ్లు చాలామంది విశాఖకు రైలెక్కుతారు. ఆపరేషన్‌కు ముందు డాక్టరు గారు కాగితం మీద తొడ ఎముక బొమ్మ గీసి, “ఈ కాడ టైటానియంది, దానిమీద ఎముక ఖనిజం పూత ఉంటుంది, సిమెంటు పెట్టం” అని చెప్పి పంపుతారు. కాడ అంటే తొడ ఎముక గొట్టంలోకి దించే లోహపు భాగం. ఇంటికొచ్చాక ప్రశ్నలు మొదలవుతాయి. మా వీధిలో ఒక పెద్దావిడ, కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను కదా అని నన్ను పిలిచి అడిగారు: “ఎముక పూత అంటున్నారు గదా నాయనా, ఎవరి ఎముక అది? మనిషిదా, పశువుదా?”

ఆవిడ ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. నిజం చెప్పాలంటే, పశువుల ఎముకను శుద్ధి చేసి తీసిన ఖనిజాన్ని పంటి వైద్యంలో, ఎముక లోపించిన చోట నింపడానికి వాడటం ఉంది. తుంటి కాడ మీద వేసే పూత మాత్రం ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారయ్యేది. సున్నం, ఫాస్ఫారిక్ ఆమ్లం లాంటి వాటినుంచి పుట్టించిన పొడి. అందులో జంతువు లేదు. ఈ సంగతి చెప్పాక ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు: “మరి ఆ పూత ఎన్నాళ్లుంటుంది?” ఈ రెండో ప్రశ్నకు జవాబు అంత చిన్నది కాదు. పూత శాశ్వతంగా ఉండాలని అందరూ అనుకుంటారు. అసలు విషయం వేరు. ఆ పూత కొంత కరగాలి. కరిగితేనే దాని పని జరుగుతుంది. కానీ ఎముక వచ్చి చేరేలోపే కరిగిపోతే ఆపరేషన్ చెడుతుంది. ఈ రంగంలోని పరిశోధనలో చాలా భాగం ఈ రెంటి మధ్య నడుస్తున్నదే.

ఎముకను తూచి చూస్తే బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. మిగిలినదానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను, కొంత నీరు. కోడికాలి ఎముకను కొన్నాళ్లు వెనిగర్‌లో నానబెట్టండి, ఖనిజం కరిగిపోయి ఎముక చేత్తో వంచితే వంగుతుంది. అలాంటి ఎముకనే నిప్పుల్లో బాగా కాల్చండి, ప్రోటీను పోయి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే తెల్లటి ముక్క మిగులుతుంది. ఆ తెల్లటిదే మన ఖనిజం. దాన్ని అపటైట్ అంటారు. దాని ఆదర్శ రూపమే హైడ్రాక్సీ అపటైట్: పది కాల్షియం, ఆరు ఫాస్ఫేట్, రెండు హైడ్రాక్సిల్. కాల్షియం, ఫాస్ఫరస్ పరమాణువుల నిష్పత్తి 1.67. ఈ అంకె మళ్లీ మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

అపటైట్ మన కొండల్లోనూ ఉంది. ఆంధ్ర సరిహద్దు దాటితే తూర్పు కనుమల్లో కాశీపట్నం దగ్గర అపటైట్ నిక్షేపాలున్నాయి. పారాదీప్ రేవులో ఎరువుల ఫ్యాక్టరీల కోసం దిగే రాక్ ఫాస్ఫేట్‌లో ముఖ్యమైన ఖనిజమూ ఇదే. అయితే రాతిలో దొరికేది ఎక్కువగా ఫ్లోరిన్ చేరిన రకం, పెద్ద స్ఫటికాలతో గట్టిగా ఉంటుంది, ఓ పట్టాన కరగదు. ఎముకలోని ఖనిజం అలా ఉండదు. దానిలో కార్బనేటు నాలుగు నుంచి ఎనిమిది శాతం దాకా ఉంటుంది, సోడియం, మెగ్నీషియం కొద్దిగా చేరి ఉంటాయి, స్ఫటికాలు కొన్ని నానోమీటర్ల మందమే ఉంటాయి. కల్తీగా కనిపించే ఈ గుణాల వల్లే శరీరం దాన్ని అవసరమైనప్పుడు కరిగించి మళ్లీ పేర్చుకోగలుగుతుంది. పాత ఎముక తొలగడం, కొత్తది ఏర్పడడం బతికున్నన్నాళ్లూ ఆగవు. ఇంప్లాంట్ పూతకు ఆధారం ఈ నిరంతర మరమ్మతే.

ఇక లోహం సంగతి. ఛత్రపురం, గోపాలపురం వైపు సముద్రపు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు చూడనివాళ్లు మా జిల్లాలో ఉండరు. ఆ నలుపులో ఎక్కువ భాగం ఇల్మెనైట్, అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. ఛత్రపురం దగ్గరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఆ ఇసుకనుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వేరు చేస్తుంది. ప్రపంచంలో తవ్వే టైటానియం ఖనిజంలో సింహభాగం తెల్లరంగు తయారీకే పోతుంది, లోహంగా మారేది కొద్దిగానే. ఖనిజాన్ని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో ఆక్సిజన్ తగలకుండా లోహాన్ని విడదీయాలి, అది చాలా ఖర్చుతో కూడిన పని. మన దేశంలో టైటానియం స్పాంజ్, అంటే రంధ్రాలతో ఉండే ముడి లోహం, తయారయ్యేది కేరళలోని చవరలో. ఆసుపత్రిలో పెట్టే కాడ మన ఒడ్డు ఇసుకనుంచే వచ్చిందని నేను చెప్పడం లేదు. మన కాళ్ల కింద ఉన్న ఖనిజమే ఆ లోహానికి మూలమని మాత్రం మా పిల్లలకు తప్పకుండా చెబుతాను.

టైటానియాన్నే ఎందుకు ఎంచుకున్నారు? స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1952లో కుందేళ్ల ఎముకల్లో లోపలికి చూడటానికి వీలున్న చిన్న టైటానియం గూళ్లు అమర్చి రక్త ప్రసరణను గమనించాడు. ప్రయోగం అయ్యాక వాటిని తీయబోతే రాలేదు, ఎముక లోహాన్ని పట్టేసింది. 1965లో ఆయన మనిషి దవడలో టైటానియం స్క్రూలు పెట్టాడు. గాలి తగలగానే ఆ లోహం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, శరీరం దాన్ని శత్రువుగా చూడదు. అలాగని ఎముకకు ఆ పొర మీద ప్రత్యేకమైన ఆకర్షణ కూడా ఏమీ లేదు. కాడకూ ఎముకకూ మధ్య సందు లేకుండా, కదలిక లేకుండా ఉంటేనే ఎముక వచ్చి అంటుకుంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ కాడ సుమారు 150 మైక్రాన్లు, అంటే 0.15 మిల్లీమీటరు, అటూ ఇటూ జరిగిందంటే అక్కడ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది. పీచు పెరిగిన కాడ వదులవుతుంది, తొడ నొప్పి మొదలవుతుంది.

దీన్ని తప్పించే పాత మార్గం సిమెంటు. 1960ల్లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడిని ఒక దారికి తెచ్చింది యాక్రిలిక్ సిమెంటుతోనే, అంటే కాడకూ ఎముకకూ మధ్య నింపితే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతోనే. ఎముకలు బలహీనపడ్డ పెద్దవాళ్లకు అది నేటికీ మంచి పద్ధతి, దాన్ని కాలం చెల్లినదిగా మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ ముప్పై, నలభై ఏళ్ల మనిషికి ముందు ఎన్నో ఏళ్ల నడక ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు రెండో ఆపరేషన్ కూడా రావచ్చు. ఎముక లోపల గట్టిపడిన సిమెంటును తొలిచి తీయడం సర్జన్‌కు కష్టం, రోగికి నష్టం. అందుకని వయసులో ఉన్నవాళ్లకు సిమెంటు లేని కాడ, దాని మీద ఎముకను దగ్గరికి రప్పించే పూత.

పూతకన్నా మొత్తం కాడనే హైడ్రాక్సీ అపటైట్‌తో చేయొచ్చు కదా అని విద్యార్థులు అడుగుతుంటారు. చేయలేం. అది సిరామిక్, పగులు మొదలైతే ఆగదు. నడిచే మనిషి తుంటి మీద పడే భారం శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది, ఆ భారానికి అది చిట్లిపోతుంది. భారం మోయడానికి లోహం, ఎముకతో వ్యవహరించడానికి ఖనిజం: ఇదీ పని పంపకం.

పొడి తయారీ మా కాలేజీ ల్యాబ్‌లో కూడా చేసి చూపించగలిగేంత సులువుగా కనిపిస్తుంది. తడిసున్నాన్ని నీళ్లలో కలిపి పాలలాంటి ద్రవం చేస్తాం. దాన్ని తిప్పుతూ, బ్యూరెట్ నుంచి ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని చుక్క చుక్కగా వదులుతాం. పది పాళ్లు కాల్షియం హైడ్రాక్సైడ్‌కు ఆరు పాళ్లు ఆమ్లం, మిగిలేది ఖనిజం, నీరు. కష్టమంతా ఓపికలోనే ఉంది. ద్రవం క్షారంగా, పీహెచ్ తొమ్మిది పైన ఉండాలి. తొందరపడి ఆమ్లం ఎక్కువ వదిలితే కాల్షియం తక్కువైన ఖనిజం వస్తుంది, దాన్ని కాల్చినప్పుడు అది ట్రై కాల్షియం ఫాస్ఫేట్‌గా విడిపోతుంది, దాని నిష్పత్తి 1.5. సున్నం మిగిలిపోతే కాల్చాక పొడిసున్నంగా తేలుతుంది. పొడి మీద ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వచ్చిందంటే సున్నం మిగిలినట్టే. స్ఫటికాలను గుర్తుపట్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం లేని కాలేజీలో ఈ గులాబీ రంగే మా పరీక్ష. ఫ్యాక్టరీలో ఈ పొడిని స్ప్రే చేసి ఎండబెట్టి, కాల్చి, జల్లించి, గొట్టంలో సాఫీగా జారేలా కొన్ని పదుల మైక్రాన్ల రేణువులుగా చేస్తారు. ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, సీసం ఎంత లోపు ఉండాలో అంతర్జాతీయ ప్రమాణం నిర్ణయించి ఉంది.

లోహానికి ఈ పొడిని అతికించే ప్రధాన పద్ధతి ప్లాస్మా స్ప్రే. ఇది విమానాల ఇంజిన్ భాగాలకు వేడి తట్టుకునే పూత వేసే రంగం నుంచి వచ్చింది. ముందు కాడను శుభ్రం చేసి, పూత అక్కర్లేని భాగాలను కప్పేసి, మిగతా చోట అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి గరుకు చేస్తారు. తర్వాత దాన్ని శబ్దం బయటికి రాని గదిలో, తిరిగే పీట మీద బిగిస్తారు. మనుషులు బయట ఉంటారు, రోబో చెయ్యి స్ప్రే గన్‌ను పట్టుకుంటుంది. గన్ లోపల మధ్యలో టంగ్‌స్టన్ కడ్డీ, చుట్టూ నీళ్లతో చల్లబరిచే రాగి ముక్కు. రెంటి మధ్య విద్యుత్ ఆర్క్ వెలిగించి ఆర్గాన్ వాయువును, దానికి కొంచెం హైడ్రోజన్ కలిపి పంపుతారు. వాయువు ప్లాస్మాగా, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన స్థితికి, మారి పదివేల డిగ్రీలకు పైబడిన వేడితో, కళ్లు చెదిరే వెలుగుతో బయటికి దూకుతుంది. పక్కనుంచి సన్నటి గొట్టం ఆ జ్వాలలోకి తెల్లటి పొడిని వదులుతుంది. ఒక్కో రేణువు జ్వాలలో ఉండేది సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్త సమయంలోనే పైభాగం కరిగి, ఒక్కోసారి లోపలిదాకా కరిగి, సెకనుకు వందల మీటర్ల వేగంతో వెళ్లి సుమారు పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న లోహాన్ని గుద్దుకుంటుంది. గోడకు కొట్టిన పిడకలా చదునుగా పరుచుకుని అక్కడే గట్టిపడిపోతుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. గన్ అటూ ఇటూ తిరుగుతూ ఉంటే నిమిషాల్లో పూత పూర్తవుతుంది.

ఇంత వేడికి ఆ ఖనిజం ఏమవుతుందన్నదే అసలు చిక్కు. హైడ్రాక్సీ అపటైట్ తొమ్మిది వందల డిగ్రీల పైన హైడ్రాక్సిల్‌ను కోల్పోవడం మొదలుపెడుతుంది. ఇంకా వేడెక్కితే ట్రై కాల్షియం ఫాస్ఫేట్‌గా, టెట్రా కాల్షియం ఫాస్ఫేట్‌గా విడిపోతుంది. మరీ ఎక్కువైతే ఫాస్ఫరస్ ఆవిరై పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. కాల్షియం ఆక్సైడ్ అంటే మన తీరంలో గవ్వలు, గుల్లలు బట్టీలో కాల్చితే వచ్చే పొడిసున్నమే. నీళ్లు పోయగానే అది బుసబుస పొంగి వేడెక్కడం చూసినవాళ్లకు, ఎముక పక్కన అలాంటిది ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు. పూతలో అది తడిసి ఉబ్బితే పొర ఊడుతుంది, చుట్టూ క్షారత పెరిగి కణాలు దెబ్బతింటాయి.

ఇంకో సంగతి. కరిగిన చుక్క చల్లటి లోహాన్ని తాకినప్పుడు సెకనుకు లక్షల డిగ్రీల చొప్పున చల్లారుతుంది. పరమాణువులు వరసలో సర్దుకోవడానికి వ్యవధి ఉండదు, స్ఫటికం కాని అస్తవ్యస్త పదార్థంగా బిగుసుకుంటుంది. ఈ రకం శరీర ద్రవంలో చాలా త్వరగా కరుగుతుంది. అందుకే స్ప్రే చేసిన పూత ఒకే ఖనిజం కాదు. కరగని రేణువు నడిబొడ్డులో అసలైన హైడ్రాక్సీ అపటైట్, చుట్టూ అస్తవ్యస్త పదార్థం, మధ్యమధ్య తేలిగ్గా కరిగే ఫాస్ఫేట్లు. పాత కాలపు పూతల్లో ఫ్యాక్టరీకొక తీరు ఉండడానికి కారణం ఇదే. ఆర్గాన్ ఎంత, కరెంటు ఎంత, రేణువు ఎంత అన్నవి కాస్త మారితే లోపలి కూర్పు మారిపోయేది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 13779 ప్రమాణం వచ్చి దీనికి హద్దులు పెట్టింది. పూతలో స్ఫటిక భాగం కనీసం 45 శాతం ఉండాలి. హైడ్రాక్సీ అపటైట్ కాని ఇతర స్ఫటిక పదార్థాలు ఐదు శాతం మించకూడదు. కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67, 1.76 మధ్య ఉండాలి, 1.67 కన్నా పైకి కాస్త జరగనిచ్చారు, కిందికి కాదు. అతుకు బలం 15 మెగాపాస్కల్స్ ఉండాలి. దీన్ని పరీక్షించే తీరు సరళంగా ఉంటుంది: పూత వేసిన బిళ్లకు ఇంకో లోహపు బిళ్లను బలమైన జిగురుతో అంటించి రెంటినీ యంత్రంతో లాగుతారు. చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోల లాగుడుకు పూత నిలవాలి. ఇప్పటి మంచి తయారీదారుల పూతలు దీనికన్నా ఎక్కువే నిలుస్తాయి.

నలభై ఐదు శాతమే ఎందుకు, తొంభై ఎందుకు అడగలేదు? ఇక్కడే ముందు చెప్పిన పెనుగులాట కనిపిస్తుంది. పూర్తిగా స్ఫటికమైన పూత దశాబ్దాలపాటు కదలకుండా ఉండొచ్చు, కానీ కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లను వదలదు కాబట్టి ఎముకను రప్పించడంలో మందకొడిగా ఉంటుంది. అస్తవ్యస్త భాగం ఎక్కువైతే మొదటి వారాల్లో ఎముక బాగా వస్తుంది, కానీ పూత పునాది కరిగి పొరలు ఊడే ప్రమాదం. కొన్ని సంస్థలు స్ప్రే అయ్యాక ఇంప్లాంట్‌ను 600, 700 డిగ్రీల కొలిమిలో పెట్టి, లేదా నీటి ఆవిరితో వేడి చేసి, అస్తవ్యస్త భాగాన్ని కొంత స్ఫటికంగా మారుస్తాయి. అదీ హద్దు దాటకూడదు. టైటానియం కన్నా హైడ్రాక్సీ అపటైట్ వేడికి ఎక్కువ సాగుతుంది, చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. లోహం అంతగా కుంచించుకోదు, పైనున్న పూత లాగబడి సన్నటి బీటలు వేస్తుంది. ఎంత మందంగా వేస్తే ఈ లాగుడు అంత ఎక్కువ. అందుకే పూత మందం సాధారణంగా 50 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఆగిపోతుంది. మందంగా వేస్తే బలంగా ఉంటుందనే మన ఇంటి రంగుల లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు శరీరం లోపలికి వెళదాం. కాడ ఎముకలో దిగిన నిమిషాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు పూతను కప్పుతాయి. రోజులు గడిచేకొద్దీ తేలిగ్గా కరిగే భాగం కరిగి, ఆ సందులో కాల్షియం, ఫాస్ఫేట్ సాంద్రత పెరుగుతుంది. ద్రవం ఇక మోయలేని స్థితికి వచ్చి, పూత మీదే కొత్త ఖనిజం పేరుకుంటుంది. ఈసారి పేరుకునేది ఫ్యాక్టరీ ఖనిజం కాదు, శరీర ద్రవంలోని కార్బనేటును కలుపుకున్న, ఎముకలో ఉండే తీరు అపటైట్. ఎముకను కట్టే కణాలు ఆ ఉపరితలం మీదికి వచ్చి కొల్లాజెన్ పరిచి ఖనిజం నింపుతాయి. పూత లేకపోతే ఎముక ఒక వైపు నుంచే, అంటే పాత ఎముక అంచు నుంచే, కాడవైపు పెరుగుతూ రావాలి. పూత ఉంటే కాడ ఉపరితలం మీద కూడా ఎముక మొదలై రెండు వైపులనుంచి కలుసుకుంటుంది. డెన్మార్క్‌లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల సందును కూడా పూత ఉన్న ఇంప్లాంట్ దగ్గర ఎముక పూడ్చగలిగింది. కదలిక వల్ల ఏర్పడిన పీచు పొర కూడా పూత ఉన్నచోట క్రమంగా ఎముకగా మారింది. నా దృష్టిలో పూత ఇచ్చే అసలు లాభం ఇదే: సర్జన్ చేతిలో మిల్లీమీటరు తేడా వచ్చినా క్షమించే గుణం.

తర్వాత కొన్నేళ్లకు పూత పలచబడుతుంది. కొంత రసాయనికంగా కరుగుతుంది, కొంత ఎముకను తినే కణాలు పాత ఎముకతోపాటే తినేస్తాయి. కరిగిన చోట ఎముక నేరుగా గరుకు టైటానియానికి ఆనుకుంటుంది. పెద్దావిడ రెండో ప్రశ్నకు ఇదీ జవాబు. పూత పోవడం నష్టం కాదు, కింద లోహం గరుకుగా ఉండి ఎముక అప్పటికే చేరుకుని ఉంటే.

ఆ షరతును మరిచిపోయినప్పుడు ఏం జరిగిందో చరిత్రలో ఉంది. లండన్‌లో రోనాల్డ్ ఫర్లాంగ్ 1985లో మొదటిసారి హైడ్రాక్సీ అపటైట్ పూత వేసిన తుంటి కాడను అమర్చాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో కొంతమంది సర్జన్లు కలిసి కొరైల్ అనే కాడను రూపొందించారు, మొత్తం పూతతో. అది ఇప్పటికీ ప్రపంచమంతా విరివిగా వాడుకలో ఉంది. కాడల విషయంలో ఫలితాలు బాగున్నాయి కదా అని, తుంటి గిన్నెకు అమర్చే నున్నటి లోహపు కప్పుల మీద కూడా అదే పూత వేశారు. మొదట బాగానే పట్టాయి. పూత పలచబడ్డాక కింద నున్నటి లోహమే మిగిలింది, ఎముకకు పట్టు దొరకలేదు, చాలా కప్పులు వదులైపోయాయి. పంటి ఇంప్లాంట్లలోనూ మందపాటి పూత ఊడి చిగుళ్ల దగ్గర ఇన్‌ఫెక్షన్లకు తావిచ్చిన అనుభవాలతో, ఈ రోజు దంతవైద్యులు చాలావరకు పూత లేని, ఆమ్లంతో గరుకు చేసిన టైటానియాన్నే వాడుతున్నారు. స్వీడన్ వాళ్లు దేశంలో జరిగే తుంటి ఆపరేషన్లను రిజిస్టర్‌లో నమోదు చేస్తారు. ఆ వివరాలతో 2010, 2011లో వచ్చిన విశ్లేషణలు, గరుకు ఉపరితలం ఉన్న ఒక కాడ విషయంలో పూత వల్ల అదనపు ఆయుష్షు కనిపించలేదని, కప్పుల విషయంలో పూత ఉన్నవాటికే మళ్లీ ఆపరేషన్ అవసరం ఎక్కువ కనిపించిందని చెప్పాయి.

దీన్ని చూపించి పూత అనవసరం అనేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. కాడ ఆకారం, గరుకుతనం, పూత మూడూ కలిసి ఒక జట్టుగా రూపొందినప్పుడు ఫలితం బాగుంటుంది. చెడ్డ డిజైన్‌ను పూత కాపాడలేదు. ఎముక విరిగినప్పుడు చర్మం బయటనుంచి దిగేసే ఫిక్సేటర్ పిన్నులకు మాత్రం పూత వల్ల పట్టు స్పష్టంగా మెరుగుపడింది.

ప్లాస్మా మంట లేకుండా పూత వేసే దారులు చాలా ఉన్నాయి. శూన్యంలో అయాన్లతో గుద్ది ఒక్క మైక్రాను పొర పేర్చడం, లేజర్‌తో ఖనిజాన్ని ఆవిరి చేసి అతికించడం, జెల్‌లో ముంచి కాల్చడం, విద్యుత్తుతో ద్రావణం నుంచి రాబట్టడం. వీటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది జపాన్ క్యోటోలో తడాషి కొకుబో చూపిన దారి. ఆయన రక్తంలోని ద్రవానికి అయాన్లలో దాదాపు సమానమైన ద్రావణాన్ని, లీటరుకు 142 మిల్లీమోల్స్ సోడియం, 2.5 కాల్షియం, 1.0 ఫాస్ఫేట్ లెక్కన, బీకరులో తయారుచేశాడు. టైటానియం ముక్కను 60 డిగ్రీల గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌లో ఒక రోజు నానబెట్టి, 600 డిగ్రీల దగ్గర వేడి చేసి, 36.5 డిగ్రీలున్న ఆ ద్రావణంలో వదిలేస్తే కొద్ది రోజుల్లో దానంతటదే ఎముకలాంటి అపటైట్ పొర పేరుకుంది. మంట లేదు, ఖనిజం చెదిరిపోదు, కార్బనేటు సహజంగా చేరుతుంది. గన్ వెలుగు చేరని రంధ్రాల లోపలికీ ద్రావణం చేరుతుంది. పొర పేరుకునేటప్పుడు వేడి లేదు కాబట్టి మందులు, ప్రోటీన్లు కూడా పూతలో కలపొచ్చు. ఈ క్షార పద్ధతితో చేసిన తుంటి కీలు 2007 నాటికి జపాన్‌లో ఆసుపత్రుల దాకా వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీలో అపటైట్ పొర వేయరు, లోహాన్ని సిద్ధం చేసి వదిలితే శరీర ద్రవమే పొర వేసుకుంటుంది. రసాయనశాస్త్రం చెప్పేవాడిగా నా మనసు ఇటే మొగ్గుతుంది. అయినా నా ఇంట్లోవాళ్లకు ఆపరేషన్ అంటే, నలభై ఏళ్ల అనుభవం ఉన్న ప్లాస్మా పూతనే కోరుకుంటాను. బీకరులో బాగున్నది మనిషి తుంటిలో ఇరవై ఏళ్లు నిలుస్తుందని తేలాలంటే ఇరవై ఏళ్లు ఆగాల్సిందే.

ఈ విషయం మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెప్పాలి. ఒడిశాలో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ, పశ్చిమ జిల్లాల్లోనే కాదు, కొరాపుట్, రాయగడ వైపు గిరిజన కుటుంబాల్లోనూ ఉంది. కొడవలి ఆకారంలోకి వంగిన ఎర్ర రక్తకణాలు సన్నటి నాళాలకు అడ్డుపడితే తొడ ఎముక తలకు రక్తం అందక ఆ భాగం చచ్చుబడి కూలిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్లకే తుంటి అరిగి కుంటుతూ వచ్చే పిల్లలకు ముసలితనపు కీళ్ల నొప్పుల లెక్క సరిపోదు. కేంద్రం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు పెరిగితే ఇలాంటి తుంటి సమస్యలు ముందే బయటపడతాయి. ఈ వయసువాళ్లకే సిమెంటు లేని, పూత ఉన్న కాడ ఎక్కువగా ఆలోచిస్తారు. కానీ వీళ్ల ఎముక లోపలి గొట్టం అక్కడక్కడ గట్టిపడి మూసుకుపోయి ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్ ముప్పు కూడా మామూలుకన్నా ఎక్కువ. పూత ఇన్‌ఫెక్షన్‌ను ఆపదు. వెండి, యాంటీబయాటిక్ కలిపిన పూతల మీద పరిశోధనలు జరుగుతున్నాయి, అవి వేరే కథ. కాబట్టి సికిల్ సెల్ రోగికి తుంటి మార్పిడి చేయించేటప్పుడు పూత ఏ బ్రాండ్‌ది అన్నదానికన్నా, ఇలాంటి కేసులు చేసిన అనుభవం ఆ సర్జన్‌కు, ఆ మత్తు డాక్టరుకు ఉందా అన్నది ముందు అడగాలి.

మోకాలి మార్పిడి చేయించుకునేవాళ్లు ఈ పూత గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. మోకాళ్లలో అధిక భాగం ఇప్పటికీ సిమెంటుతోనే అమరుస్తారు, ఫలితాలు బాగుంటాయి. అక్కడ పూత పేరు చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే, నాకు దీనివల్ల ఏం ఒరుగుతుందని నిలదీసి అడగండి.

తుంటికి పూత కాడ పెట్టించుకున్నవాళ్లు రెండు పనులు చేయాలి. మొదటిది, ఎంత బరువు మోపాలో, వాకర్ ఎప్పుడు వదలాలో డాక్టరు చెప్పిన మాట అక్షరాలా పాటించడం. కొందరిని మరునాడే నడిపిస్తారు, కొందరికి కొన్ని వారాలు సగం బరువే మోపమంటారు. అది కాడ ఎంత బిగుతుగా కూర్చుందో ఆపరేషన్ బల్ల దగ్గర చూసినవాళ్లు తీసుకునే నిర్ణయం. ఎముక పూతను పట్టుకునేది మొదటి ఆరు నుంచి పన్నెండు వారాల్లో. నొప్పి తగ్గింది కదా అని పదిహేనో రోజునే మెట్లెక్కి దిగి, పొలం గట్లు తిరిగితే కాడ కదిలే ప్రమాదం ఆ రోజుల్లోనే ఉంటుంది.

రెండోది కాగితం పని. ఇంప్లాంట్ పెట్టె లోపల చిన్న స్టిక్కర్లుంటాయి. ఆపరేషన్ గదిలో వాటిని తీసి కేసు షీటు మీద అంటిస్తారు. దానిమీద కాడ మోడల్, సైజు, లాట్ నంబరు, లోహం పేరు, పూత ఉంటే “హెచ్ఏ” (హైడ్రాక్సీ అపటైట్) అనే గుర్తు ఉంటాయి. డిశ్చార్జి రోజున ఒక స్టిక్కరు మీ కాగితాల మీద కూడా అంటించమని అడగండి, లేకపోతే కనీసం ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మా వైపు చాలామంది విశాఖలో ఆపరేషన్ చేయించుకుని, తర్వాత చూపించుకునేది ఇక్కడ బరంపురంలో. పదిహేను ఏళ్ల తర్వాత కాడ మార్చాల్సి వస్తే అప్పటి సర్జన్‌కు మొదట కావాల్సింది ఆ స్టిక్కరే. ఏ మోడల్, పూత ఎంత మేరకు ఉంది, ఎముక ఎక్కడెక్కడ అంటుకుని ఉండొచ్చు, దాన్ని తీయడానికి ఏ పనిముట్లు తెప్పించాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.